దుంగ మోసిన మేనేజరు

బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేసినవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎవరు ఎవరో, ఎవరి పని ఏదో, ఎవరు ఎక్కడ నిలబడాలో తేలకపోతే అన్నం సయించదు. రిటైరై గోదావరిఖనిలో ఇల్లు కట్టుకుని కూర్చున్నా ఆ జబ్బు నన్ను వదల్లేదు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు అడ్డదిడ్డంగా తిరుగుతుంటే లేచి సర్దబోతాను, మా ఇంటావిడ చెయ్యి పట్టి కూర్చోబెడుతుంది. అలాంటి నాకు, నా సర్వీసు మొత్తంలో అంతుపట్టని మనిషి ఒక్కడే తగిలాడు. ఆయన మా బాయికి మేనేజరు. ఆయన చేసిన పనిని ఎన్ని రకాలుగా సర్ది చూసినా ఏ అరలోనూ ఇమడలేదు. మీలో కొత్తగా సర్దారు పరీక్ష పాసైన పిల్లలు ఉంటారు, ఆఫీసర్లుగా చేరిన పిల్లలూ ఉంటారు. చెబితే మీకైనా అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

బాయి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బొగ్గు తీసేకొద్దీ నెత్తిమీద రాయి ఆధారం లేకుండా మిగులుతుంది. దాన్ని మేము కప్పు అంటాం. ఆ కప్పు కింద దుంగలు నిలబెట్టి దన్ను ఇచ్చేవాడు టింబర్‌మన్. మనుషుల్ని ఎక్కడ నిలబెట్టాలో, ఎప్పుడు వెనక్కి పిలవాలో చెప్పేవాడు సర్దారు. తట్ట, చెమ్మస్ అనే పార పట్టుకుని బొగ్గు నింపే రోజులు పోయి యంత్రాలొచ్చాయి గానీ, నేను దిగిపోయేనాటికి కూడా మా దగ్గర కప్పుకు దన్ను పెట్టేది మనిషే. కొత్తగా బొగ్గు తీసిన చోటికి అందరికంటే ముందు అడుగుపెట్టేవాడు టింబర్‌మన్. చేతికర్రతో కప్పును కొట్టి, చెవి పెట్టి వింటాడు. గట్టిగా మోగితే సరే. డొల్లగా మోగితే ఎవరూ అడుగు కదపరు. రూలు పుస్తకంలో ఉందా అంటే ఉంది. మేము మాత్రం పుస్తకం చూసి కాదు, పెద్దవాళ్లు చేయగా చూసి చేశాం.

మా గ్యాంగు టింబర్‌మన్‌ను అందరూ కాక అనేవాళ్లు. మంచిర్యాల దిక్కు పల్లె మనిషి, వయసులో నాకంటే పెద్ద, గొణగకుండా ఒక్క షిఫ్టు గడపడు. తాళ్లు బాగలేవని గొణుగుతాడు, దుంగలు పచ్చిగా ఉన్నాయని గొణుగుతాడు, ఇంట్లో తొక్కులో ఉప్పు తక్కువైందని మాకు గొణుగుతాడు. బాయి మొగదల ఉన్న మైసమ్మ గద్దె దగ్గర మాత్రం నోరు మూసుకుని చెయ్యెత్తి మొక్కేవాడు. ఆ కాసేపే మా చెవులకు సెలవు.

ఇక మేనేజరు. కోస్తా నుంచి వచ్చిన సన్నటి మనిషి, కళ్లద్దాలు, మాట మెత్తన. ఆదివారం చర్చికి పోతాడని అందరికీ తెలుసు. వచ్చిన కొత్తలో అందరు మేనేజర్లలాగే ఉన్నాడు. కిందికి దిగేవాడు, చూసేవాడు, అడగాల్సింది అడిగి పైకి పోయేవాడు. ఆ ఏడు క్రిస్మస్ వెళ్లిన కొద్ది రోజులకు, ఫస్ట్ షిఫ్టులో టోపీ లైట్లు తీసుకునే వరసలో మా వెనక నిలబడ్డాడు. ఒంటిమీద మా అందరిలాంటి మాసిన ఖాకీ బట్టలు. నన్ను చూసి నా దగ్గరికి వచ్చాడు.

“ఈ రోజు నన్ను మీ గ్యాంగులో వేసుకోండి. ఏ పని చెబితే అది చేస్తాను” అన్నాడు.

“ఇన్‌స్పెక్షనా సార్?”

“కాదండి. పనికే.”

కాక నన్ను పక్కకు లాగాడు. “గీయన ఎందుకొచ్చిండ్రా? నా మీద ఎవడన్న చాడీ చెప్పిండా?” అన్నాడు. నేను భుజాలెగరేశాను. అలా మొదలైంది. వారానికి ఒక రోజు ఆయన మాతో దిగేవాడు, మాతో నడిచేవాడు, గ్యాంగులో బరువులు మోసే మజ్దూరుతో కలిసి దుంగలు మోసేవాడు, కాక నిలబెట్టమన్నచోట నిలబెట్టేవాడు. మిగతా రోజులు మామూలుగానే ఆఫీసులో మేనేజరు.

పని ఏమంత బాగా చేసేవాడు కాదు. దుంగను భుజం మీద సరిగ్గా పెట్టుకోవడం చాలాకాలం రాలేదు. అరచేతులు బొబ్బలెక్కి, చిట్లి, మళ్లీ బొబ్బలెక్కాయి. కాక మొదట్లో “గట్ల కాదు సారూ, జర గిట్ల పట్టుండ్రి” అని మర్యాదగా చెప్పేవాడు. నెల తిరిగేసరికి “నీకెన్నిసార్లు చెప్పాలె సారూ” దాకా వచ్చాడు. మేనేజరు తలూపి మళ్లీ ఎత్తుకునేవాడు.

పైన క్యాంటీన్లో దీనిమీద చర్చలే చర్చలు. యూనియన్‌లో తిరిగే అన్న ఒకాయన, “ఇది మనతోని పని ఎక్కువ చేపిచ్చే ఎత్తు. సారే దుంగ మోస్తుంటే మనం చాయ తాగుకుంట కూసుంటమా?” అన్నాడు. ఇంట్లో భార్యతో పడదేమో, బాయే నయమనుకున్నాడేమో అని ఒకరు. బరువు తగ్గాలని డాక్టరు చెప్పి ఉంటాడని ఒకరు. ఆయన ఒంట్లో తగ్గించుకోవడానికి ఏముందని ఇంకొకరు. నాకు వాటితో పనిలేదు. నా ఇబ్బంది వేరు. పనిచోట నా మాట చెల్లాలి. అక్కడున్న మజ్దూరు నేను జరగమంటే జరగాలి. ఆ మజ్దూరు మా మేనేజరైతే నేను ఆయనకు చెప్పేవాడినా, ఆయన చెబితే వినేవాడినా? ఆయన దిగిన రోజు నా గొంతు మారిపోయేది. అరవాల్సినచోట బతిమాలుతున్నట్టు మాట్లాడేవాణ్ని. ఆ రోజులంటే నాకు చిరాకు, ఇప్పటికీ దాచుకోను.

ఒకరోజు కింద తిండి దగ్గర అడిగేశాను. టిఫిన్లు విప్పుకుని కూర్చున్నాం. ఆయన గోంగూర పచ్చడి అందరికీ పంచాడు. కాక నాలుక మీద వేసుకుని, “ఇది మా పుంటికూరనే గద సారూ, పేరు మార్చి తెచ్చినవ్” అన్నాడు. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ధైర్యం చేసి, “సార్, ఇదంతా ఎందుకు?” అన్నాను.

ఆయన అన్నం కలుపుతూ చెప్పాడు. “మా నాన్నగారు ఊళ్లో చిన్న చర్చికి పాస్టరండి. క్రిస్మస్ వస్తే ఆయన చెప్పేది ఒకటే. దేవుడు మన కష్టాన్ని పైనుంచి చూసి జాలిపడి ఊరుకోలేదు, మనిషై పుట్టి ఆ కష్టమే పడ్డాడు. వడ్రంగి పని చేశాడు, ఆకలితో ఉన్నాడు, దెబ్బలు తిన్నాడు, చచ్చిపోయాడు అని. మొన్న క్రిస్మస్‌కి మన కాలనీ చర్చిలో నన్ను మాట్లాడమన్నారు. నేనూ అదే చెప్పాను. ముందు వరసలో మన బాయివాళ్లే కూర్చున్నారు. చెబుతుంటే నా మాట నాకే అబద్ధంలా వినిపించింది.”

“అంటె మీ దేవుడు వడ్లాయననా?” అన్నాడు కాక.

“అవును కాకా.”

“అట్లయితె ఆయనకు కట్టె పని తెల్సు. నీకు తెల్వది.” అందరూ నవ్వారు, మేనేజరు కూడా. కాక మాత్రం నవ్వలేదు. రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, “ఒకటి అడుగుత సారూ, ఏమనుకోకు. నువ్వు రేపు పొద్దుగాల మళ్ల ఆఫీసుల కూసుంటవ్. మేం రేపు మళ్ల ఈడ్నే. నువ్వు పడే కష్టం, మేం పడే కష్టం ఒకటే ఎట్లయితది?” అన్నాడు.

“అవదు కాకా. అది నాకూ తెలుసు” అన్నాడు మేనేజరు. టిఫిన్ మూత పెట్టేశాడు.

నాకు ఆ జవాబు నచ్చలేదు. తెలిసీ ఎందుకు చేస్తున్నట్టు? ఇదంతా ఒక రకం వేషం అనుకున్నాను. మంచి మనిషి వేసిన వేషమే, కానీ వేషమే. మా పల్లెల్లో దేవుడి వేషం కట్టినవాడు తెల్లారాక రంగు కడుక్కుని పొలానికి పోతాడు. ఈయన తిరగేసి చేస్తున్నాడు, అంతే తేడా అనుకున్నాను.

అసలు రోజు ఎండాకాలంలో వచ్చింది. పైన రామగుండం ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కింద ఎండ ఉండదు గానీ ఉక్కపోత. తిన్న తర్వాత గ్యాంగు కొత్తగా బొగ్గు తీసిన చోటికి బయల్దేరింది. నేను పక్క పనిచోట నీళ్లు తోడే పంపు ఆగిందంటే అటు పోయాను. తర్వాత జరిగింది నాతో చెప్పింది మేనేజరుతో కలిసి దుంగ మోసిన మజ్దూరు.

దుంగకు ముందు కొస మేనేజరు భుజం మీద, వెనక కొస మజ్దూరు భుజం మీద. కాక కర్ర పట్టుకుని వాళ్లకు నాలుగడుగులు ముందున్నాడు. మలుపు దగ్గర దారి ఇరుకు. వెనకాల మేనేజరు వస్తున్న చప్పుడు విని కాక పక్కకు జరిగి గోడకు ఆనుకుని దారి ఇచ్చాడు. పెద్ద సారు వస్తుంటే పక్కకు జరగడం మా ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. మెట్ల మీద, ఆఫీసు గుమ్మంలో, క్యాంటీన్లో, ఎక్కడైనా సారే ముందు. కొత్త కప్పు కిందికి మాత్రం టింబర్‌మనే ముందు. ఎవరి అలవాటు వాళ్లకు ఉంది, ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడలేదు, ఎందుకంటే ఏ మేనేజరూ భుజాన దుంగ పెట్టుకుని కొత్తచోటికి రాలేదు. మేనేజరేమో బరువు మోస్తున్నవాడికి దారి ఇస్తున్నారనుకున్నాడు. కొట్టి చూడని కప్పు కిందికి ఆయన నేరుగా నడిచాడు.

కప్పు పడేముందు కొన్నిసార్లు గొణుగుతుంది. సన్నగా చిటపటమంటుంది, చారెడు దుమ్ము రాలుతుంది. ఆ చప్పుడు కాక చెవినపడింది. “సారూ” అని ఒక్క కేక వేసి ఉరికాడట. రెండు చేతులతో ఆయన్ను లోపలివైపు, పక్కన మూసేసిన పాత దారి మొదట్లో ముందే దన్ను పెట్టి ఉన్న దుంగల కిందికి నెట్టాడట. మజ్దూరు దుంగ వదిలేసి వెనక్కి పడ్డాడు. తర్వాత కప్పు కూలింది.

నేను వచ్చేసరికి దుమ్ములో టోపీ లైటు పొగలా కనిపిస్తోంది. దారికి అడ్డంగా రాళ్ల గుట్ట. కాకను పిలిచాను, మేనేజరును పిలిచాను. పిలుస్తూ ఉంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. గుట్ట పైమూల నుంచి సన్నగా వెలుగు కనిపించింది. అక్కడ ఒక సందు మిగిలింది. అందులోంచి కాక గొంతు వినిపించింది. “ఉన్నం రా. నా కాలు పోయినట్టుంది. సారు మంచిగనే ఉన్నడు.”

గుట్ట ఎక్కి చూశాను. సన్నటి మనిషి పొట్టమీద పాకితే రాగలిగే సందు అది. కాక రాలేడు, ఆయన కాలి మీద దుంగ, దుంగ మీద బండ ఉంది. పక్కనే మేనేజరు కూర్చుని ఉన్నాడు. కళ్లద్దాలు లేవు.

“సార్, ముందు మీరు రండి. ఇటు పాకండి.”

ఆయన కదల్లేదు.

“సార్, కప్పు ఇంకా ఆగలేదు. జల్ది రండి.”

“కాకను తీయండి” అన్నాడు. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. “నేను ఇక్కడే ఉంటాను.”

అప్పటికి నాకు మర్యాదలన్నీ పోయాయి. “బయటికి రా. నీ సర్దారును చెప్తున్న, రా” అని గద్దించాను. సర్దారు లెక్క తేలిక. లోపల ఇద్దరుంటే, బయటికి రాగలిగినవాడు రావాలి. అప్పుడు ఫికర్ చేయాల్సింది ఒక్కరి గురించే. ఆయన ఏ పని చెబితే అది చేస్తానని మాటిచ్చిన మనిషి. ఆ రోజు నా మాట వినలేదు.

మజ్దూరును ఫోను దగ్గరికి ఉరికించాను. కొంచెంసేపటికి నేనే మాట్లాడాల్సి వచ్చింది. పైనుంచి పెద్ద పెద్ద గొంతులు. ఏ గొంతైనా మొదట అడిగేది ఒకటే, మేనేజరు బయటికి వచ్చాడా అని. “రాలేదు సార్” అన్నాను. మళ్లీ ఫోను, మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ రాలేదు సార్ అన్నాను. తప్పుగా అనుకోకండి, మా దగ్గర ఎవరు ఇరుక్కున్నా మనుషులు పరుగెత్తుకొస్తారు, నేనూ పరుగెత్తిన వాణ్నే. అయినా ఆ రోజు వచ్చిన జోరు నేనెప్పుడూ చూడలేదు. రెస్క్యూవాళ్లు, జాకీలు, డాక్టరు, పక్క బాయి టింబర్‌మన్‌లు, అడగకముందే అన్నీ వచ్చాయి. ఫోను పెట్టేసి గుట్ట వైపు నడుస్తుంటే నాకొక ఆలోచన తట్టింది. నేను రాలేదు సార్ అన్నంతసేపూ ఆ జోరు తగ్గదు. లోపల కూర్చున్న మనిషికి ఈ సంగతి తెలుసా? తెలిసే కూర్చున్నాడా? ఆ తర్వాత ఆయన్ను మళ్లీ బయటికి పిలవలేదు. పిలవకపోవడం నా డ్యూటీకి తగునో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఒక్కో దుంగా నిలబెట్టుకుంటూ, ఒక్కో రాయీ తీసుకుంటూ ముందుకు జరిగాం. మధ్యమధ్య లోపలినుంచి కాక గొణుగుడు వినిపించేది. “ఆ దుంగ వంకర పెట్టిండ్రు, ఈడికెల్లి కనబడుతుంది” అని ఒకసారి అన్నాడు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. బతికున్నాడనడానికి అంతకంటే ఏం కావాలి? చివరికి జాకీతో బండ లేపి కాకను స్ట్రెచర్ మీద బయటికి లాగాం. ఆ వెనక మేనేజరు పాక్కుంటూ వచ్చాడు. ఆయన చేతిలో కాక చేతికర్ర ఉంది.

పైకి వచ్చేసరికి కాలనీ అంతా బాయి మొగదలనే ఉంది. కాకను అంబులెన్స్ ఎక్కించాక కొందరు ఆడవాళ్లు మేనేజరు కాళ్లకు మొక్కబోయారు. ఆయన వెనక్కి వెనక్కి జరిగి, గోడ తగిలి ఆగాడు. మర్నాటికి క్యాంటీన్లో యూనియన్ అన్న కూడా పాట మార్చాడు. “దేవుడసొంటి మనిషి, ప్రాణం పోయినా కాకను ఇడిసిపెట్టి రానన్నడు” అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. బాగానే ఉంది, ఇప్పుడు అర్థమైంది అనుకున్నాను. వేషం కాదు, నిజమే. నా అరలో ఆయనకు చోటు దొరికింది. కాకను చూడ్డానికి దవాఖానకు పోయేదాకా ఆ చోటు నిలిచింది.

కాక కాలు దక్కింది గానీ ఇక వంగదన్నారు డాక్టర్లు. మంచం పక్కన కూర్చుని, “సారు నిన్ను ఇడిసిపెట్టకుంట మంచిగ ధైర్యం ఇచ్చిండట గద” అన్నాను.

కాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఎవరికి చెప్పకు. ధైర్యం ఇచ్చింది నేను. ఆయన పసిపోరని లెక్క ఏడ్చిండ్రా. నా చెయ్యి పట్టుకొని గజగజ వణికిండు. ‘మనం బతుకుతమా కాకా’ అని ఎన్నిసార్లు అడిగిండో. నాకు నొప్పితోని పానం పోతుంటె, ఏం కాదు సారూ, ఫికర్ చెయ్యకు అని ఆయనకు చెప్పుకుంట పన్న.”

“మరి నేను రమ్మంటె ఎందుకు రాలే?”

“గది నాకేం తెల్సు? నేను గూడ పొమ్మన్న. పోలే. నా చెయ్యి ఇడ్వలే.” కాక దుప్పటి కాలి మీదికి లాక్కున్నాడు. “ఒకటి మాత్రం నిజం. ఆయన చెయ్యి వణుకుతున్నంతసేపు నేనొక్కన్నే లేను అనిపిచ్చింది. ఆయన ఏడ్వకుంటె నేను ఏడుద్దును.”

దవాఖాన నుంచి ఇంటికి నడిచే వచ్చాను, ఆటో ఎక్కాలని కూడా తోచలేదు. వణికిపోయిన మనిషిని పట్టుకుని మేము దేవుడంటున్నాం. మేనేజరునే అడగాలనుకున్నాను. కొన్నాళ్లకు ఆఫీసులో ఒక్కడే ఉన్నప్పుడు పోయి, ఆ రోజు పిలిస్తే ఎందుకు రాలేదని అడిగాను.

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. “అందరూ ఉండిపోయారు, ఉండిపోయారు అంటున్నారు. నేను ఉండిపోయానో, కదల్లేకపోయానో నాకే తెలియదండి. మీరు పిలిచినప్పుడు బయటికి రావాలనే అనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. కాళ్లు రాలేదు. నోరేమో ఇక్కడే ఉంటానంది. ఏది ముందో చెప్పమంటే చెప్పలేను.”

“నువ్వు లోపలుంటే పైన అందరూ ఉరుకుతారని...” అనబోయాను. చప్పున మర్యాద గుర్తొచ్చి, “మీరు లోపలుంటే” అని దిద్దుకున్నాను.

“అంత తెలివి అప్పుడు ఎవరికుంటుందండి?” అన్నాడు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, “కాక కాలు పాడైంది నా వల్లే. నేను అక్కడ లేకపోతే ఆయన ముందు నడిచేవాడు, కొట్టి చూసేవాడు, అందరూ బాగుండేవాళ్లు. కష్టం పంచుకుందామని దిగి, నా కష్టం ఆయన మీద పడేశాను. మా నాన్నగారికి ఫోన్ చేసి చెబితే ఆయన కూడా ప్రార్థన చేసుకో అన్నారు” అన్నాడు. ఆయన్ను చూస్తే జాలేసింది. అంతకంటే ఎక్కువ చిరాకేసింది. ఎవరో ఒకరు ఈ ముడి విప్పాలి కదా.

మా వీధిలో ఒక అక్క ఉంది, దవాఖానలో ఆయాగా చేసి దిగిపోయింది, మొదటినుంచీ చర్చి మనిషి. ఆమెకైనా తెలుస్తుందని అడిగాను. “అక్కా, మీ దేవుడు మనిషై వచ్చిండు అంటరు గద. ఆయనకు భయమైందా ఎన్నడన్న?”

“ఎందుకు కాలేదు తమ్మీ? చంపేటందుకు పట్టుకపోయే ముందు తోటల పడి ఏడ్చిండు. ఈ కష్టం తప్పియ్యి తండ్రీ అని బతిమాలుకున్నడు. చెమటలు కారినయ్. జర నాతోని మేలుకొని ఉండుండ్రి అని దోస్తులను అడుక్కున్నడు, వాళ్లు పండుకున్నరు.”

“భయపడే దేవునితోని మనకేం లాభం అక్కా?”

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. “భయం లేకుంటె అది వేషం కట్టినట్టే అయితది గద తమ్మీ. మనిషి అయితె మొత్తం కావాలె.” నేను ఇంకా ఏదో అడగబోతే, “గంత లోతుకు నన్నడిగితె ఎట్ల? పాస్టరయ్యను అడుగు” అంది. నేను వేషం అనుకున్న సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట ఆమె నోట రావడంతో నా తల ఇంకా తిరిగింది.

ఎంక్వయిరీ జరిగింది. జరగాలి కూడా. బయటినుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. కప్పు ఎప్పుడు చూశావు, దుంగలెన్ని, నువ్వెక్కడున్నావు. నేను షిఫ్టు మొదట్లో చూశానని, అప్పుడు బాగుందని చెప్పాను, అది నిజం. చివర్లో ఆయన ఒక ప్రశ్న వేశాడు. “ప్రమాదం జరిగిన సమయంలో అతను అక్కడ మేనేజరుగా ఉన్నాడా, కూలివాడిగా ఉన్నాడా?”

సర్దారు జబ్బు ఉన్నవాడికి ఇంతకంటే మంచి ప్రశ్న ఎవరూ వేయలేరు. నేను ఎన్ని రోజులుగానో నన్ను నేను అడుగుతున్నది అదే. కూలి అందామంటే, కాక దారి ఇచ్చింది మేనేజరుకే. మేనేజరు అందామంటే, భుజం మీద దుంగ ఉంది, నా మాట వింటానని మాట ఉంది. లోపల వణికింది ఎవరు? పైన అందరినీ ఉరికించింది ఎవరు?

“రెండూ సార్” అన్నాను.

“రెండూ ఎలా అవుతాడయ్యా? ఏదో ఒకటి చెప్పు.”

“నాకూ సమజ్ కాలేదు సార్. సగం అది, సగం ఇది కాదు. అదీ మొత్తం, ఇదీ మొత్తం.”

ఆఫీసరు టైపు చేసేవాడి వైపు చూశాడు. టైపు చేసేవాడు చేతులు ఎత్తి నా వైపు చూశాడు. చివరికి వాళ్లు ఏం రాసుకున్నారో నాకు తెలియదు. మేనేజరు చేయకూడని పని చేశాడని తేల్చి కొత్తగూడెం ఆఫీసుకు బదిలీ చేశారు. కాదనడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. రూలు ప్రకారం అది సరే. కాకకు పైన కూర్చుని చేసే డ్యూటీ ఇచ్చారు.

బదిలీ మీద పోయేముందు మేనేజరు కాక క్వార్టరుకు వస్తానని నాతో కబురు చేశాడు. కాక అప్పుడప్పుడే కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ కర్ర మేనేజరు చేతిలో బయటికి వచ్చిన పాత కర్రే. సాయంత్రం నేనే ఆయన్ను తీసుకుపోయాను. వీధిలోవాళ్లు అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. కాక గుమ్మం బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేనేజరును చూసి లేచాడు.

కాక భార్య లోపలినుంచి, “బయట్నే నిలవెట్టినవేంది, సారును లోపటికి తోల్కరా” అంది. మేము అలవాటు కొద్దీ పక్కకు జరిగాం. వీధి వీధంతా జరిగింది. మేనేజరు చెప్పులు విడిచి గుమ్మం వైపు అడుగు వేశాడు.

కాక కర్ర అడ్డం పెట్టాడు.

“ఆగు సారూ” అన్నాడు. “మళ్ల అదే పని జేస్తున్నవ్.”

కుంటుకుంటూ ఆయన్ను దాటి గుమ్మం ఎక్కాడు. కర్ర పైకెత్తి తన ఇంటి కప్పును ఒకచోట కొట్టాడు. తల వంచి విన్నాడు. ఇంకోచోట కొట్టి మళ్లీ విన్నాడు. వీధిలో ఎవరూ నవ్వలేదు. మేనేజరు చెప్పులు లేని కాళ్లతో, చేతులు కట్టుకుని, కొత్తగా చేరిన మజ్దూరులా నిలబడి చూస్తున్నాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నా కళ్లలోనూ ఎందుకో నీళ్లు తిరిగాయి.

“మంచిగనే ఉన్నది” అన్నాడు కాక వెనక్కి తిరిగి. “ఇగ రా, నా ఎంబడి.”

ఆయన తల వంచుకుని కాక వెనకాలే లోపలికి వెళ్లాడు.